వాళ్ళ పుస్తకమే నిజం

సాలువాలో మా నాన్న నడిపిన కిరాణా కొట్టుకి రాసిపెట్టని చట్టం ఒకటుండేది. అరువు తీసుకునే ప్రతి ఇంటికీ రెండు పుస్తకాలు. కొట్లో ఉండే ఎర్రట్ట పద్దు పుస్తకంలో ఆ ఇంటి పేర కొన్ని పేజీలు, ఆ ఇంట్లో దేవుడి గూట్లోనో బియ్యం డబ్బా మీదో ఉండే చిన్న నోటుపుస్తకం ఒకటి. సరుకు ఇచ్చినప్పుడల్లా రెండింట్లోనూ అప్పటికప్పుడు రాయాలి. జీతాలొచ్చి లెక్క చూసుకునేటప్పుడు రెండింటికీ పొసగకపోతే వాళ్ళ పుస్తకమే నిజం. మా దాంట్లో ఎక్కువుంటే ఆ ఎక్కువ కొట్టేయాలి. దాని మీద మాటలు ఉండకూడదు.

ఆ చట్టాన్ని నా చేత్తో నేనే తీసేశాను. తీసేశాక కొట్టు మూతపడలేదు, అప్పులవాళ్ళు మీద పడలేదు. మొదట్లో లాభం పెరిగింది కూడా. నా మూర్ఖత్వం నాకు తెలిసిరావడానికి ఏళ్ళు పట్టింది అందుకే. లాభం కనిపిస్తున్నంతకాలం నేను చేసింది తప్పేమో అన్న అనుమానమే రాలేదు. ఈ సంగతి రాసిపెట్టాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. సిగ్గు అడ్డొస్తూ వచ్చింది. ఇప్పుడూ సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

మేం ఇక్కడికి ఎలా వచ్చామో కొంచెం చెప్పాలి. వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న తూర్పు తీరపు లైను 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికొచ్చింది. మా తాతల నోట అది బీఎన్నారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్ళు ఆ పట్టాలు పట్టుకునే ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌కి చేరారు. మా తాత టెక్కలి వైపు నుంచి వచ్చి కళాసీగా కుదిరాడు. సాలువా ఖరగ్‌పూర్‌ని ఆనుకునే ఉంటుంది. దేశ విభజన తర్వాత ఢాకా వైపు నుంచి వచ్చిన ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్, అంటే ఈఎఫ్‌ఆర్, పటాలం ఇక్కడే స్థిరపడింది. జవాన్లలో ఎక్కువమంది గూర్ఖాలు. పక్కనే ఎయిర్‌ఫోర్సు స్టేషను. రైల్వేలో రిటైరై క్వార్టర్లు ఖాళీ చేసిన మనవాళ్ళు కొందరు ఇటువైపు జాగా కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నారు. మా కొట్టు ముందు నిలబడితే తెలుగు, నేపాలీ, బంగ్లా, హిందీ నాలుగూ వినిపిస్తాయి. బెంగాలీలకు ఉప్పుడు బియ్యం, వాళ్ళ మాటలో సిద్ధ. మనకీ గూర్ఖాలకీ పచ్చి బియ్యం, అంటే ఆతప్. ఈ తేడా మీదే నాన్న వ్యాపారం నిలబడింది. శ్రీకాకుళం మిల్లు నుంచి పచ్చి బియ్యం తెప్పించి ఒక ఏడాది నిల్వ ఉంచి, పాతబడ్డాక అమ్మేవారు.

ఆయన కొట్టు పెట్టిన మూడేళ్ళకి 1974 రైల్వే సమ్మె వచ్చింది. ఖరగ్‌పూర్‌కి సమ్మెలు కొత్త కాదు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1920లలో బీఎన్నార్ కార్మికులకి నాయకులు, 1927లో ఇక్కడి వర్క్‌షాప్ సమ్మె గురించి తాతకి వాళ్ళ పెద్దలు చెప్పారట. కానీ 1974 వేరు. జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో మే 8న దేశమంతా రైలు చక్రం ఆగింది. నాయకులను ముందే అరెస్టు చేశారు. రైల్వే కాలనీల్లో కుటుంబాలను క్వార్టర్లలోంచి సామాన్లతో బయటికి తోశారు. 20 రోజులకి సమ్మె విరిగింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. జీతం లేదు, ఇల్లు లేదు, ఇక అరువు ఇచ్చేదెవరు? జీతాల రోజున గేటు దగ్గర నిలబడే వడ్డీవాళ్ళు కూడా ఆ నెలలో కనిపించలేదని తాత చెప్పేవాడు.

మా నాన్నకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. కొట్లో ఉన్న సరుకు ఆయన సొంతం కూడా కాదు, సగం ఖరగ్‌పూర్ గోల్‌బజార్ హోల్‌సేల్ షావుకారుది. సమ్మెలో ఉన్నవాళ్ళ ఇళ్ళకి పద్దు ఆపలేదు. ఉద్యోగాలు పోయినవాళ్ళకి కూడా ఆపలేదు. మా అమ్మ గాజులు ఆ ఏడాదే తాకట్టుకి వెళ్ళాయి, ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు గానీ మా మేనత్త చెప్పింది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చింది, మధు దండవతే రైల్వే మంత్రి అయ్యారు, 1974లో తీసేసినవాళ్ళని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. అప్పుడు వాళ్ళు ఒక్కొక్కళ్ళే చిన్న పుస్తకాలు పట్టుకుని మా కొట్టుకి వచ్చారట. మూడేళ్ళ నాటి పద్దులు. కొందరు నెలకి ఇంతని తీర్చారు. కొందరు తీర్చలేకపోయారు. వాళ్ళ పేజీ మీద నాన్న అడ్డంగా ఒక గీత గీసి వదిలేశారు. అలా తీర్చినవాళ్ళలో ఒక ఫిట్టరు ఉన్నారు. మా కుటుంబానికి బంధువు కాదు, కానీ నేను పుట్టినప్పటి నుంచీ ఆయన్ని పెద్దనాన్నా అనే పిలిచాను. నాన్నని ఆయన తమ్ముడూ అనేవారు. ఆయన గురించి తర్వాత చెప్పాలి.

ఈ కథ నేను వందసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నాన్న మంచితనానికి గర్వపడ్డాను, అంతవరకే. అది ఆయన దయాగుణం అనుకున్నాను, గుడికి చందా ఇచ్చినట్టు అనుకున్నాను. అదే ఆయన వ్యాపారం అని నాకు తట్టలేదు. నా తెలివితక్కువతనం మొత్తం అక్కడ మొదలైంది.

కిరాణా కొట్టు ఎలా బతుకుతుందో బయటివాళ్ళకి తెలియదు. బియ్యం మీద మిగిలేది బహు తక్కువ. పంచదార మీద, నూనె మీద ఇంకా తక్కువ, పోటీకి ఒక్కోసారి కొన్న ధరకే ఇవ్వాలి. కొట్టు నిలబడేది చింతపండు, ఎండుమిరప, ధనియాలు, జీలకర్ర, ఆవాలు, అగరొత్తులు, సబ్బుల మీద. చేతిలో డబ్బు పెట్టుకుని వచ్చేవాడు నూనె ఎక్కడ చౌకైతే అక్కడికి పోతాడు, మన దగ్గర కొనేది మనకి మిగలని సరుకే. పద్దు ఉన్న ఇల్లు అలా కాదు. నెల చీటీ మొత్తం ఒకే చోట ఇస్తుంది. బియ్యం బస్తా నుంచి అగ్గిపెట్టె దాకా. బేరం ఆడదు, ఎందుకంటే బేరం ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట కుదిరిపోయింది. పైగా ఆ పుస్తకాల్లో ప్రతి ఇంటి వంటిల్లూ కనిపించేది. ఎవరింట్లో ఎంతమంది, ఎవరు కందిపప్పు మానేసి పెసరపప్పుకి మారారు, ఎవరి కూతురు పురిటికి వస్తోంది, ఏ జవాను సెలవు మీద ఎప్పుడొస్తాడు, అన్నీ నాన్నకి తెలుసు. అందుకే ఆయన తెప్పించిన సరుకు ఆయన కొట్లో పురుగు పట్టేది కాదు. ఎంత కావాలో అంతే వచ్చేది, వచ్చిందంతా పోయేది. అరువు వల్ల ఆయన పోగొట్టుకున్న వడ్డీ ఇక్కడ తిరిగొచ్చేది. ఇదంతా నేను ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఒక్క ముక్క తెలియదు.

తెలుసుకోవడానికి అవకాశాలు లేకనా? 2009, 2010లలో మా పక్కనున్న అడవి ప్రాంతం జంగల్‌మహల్ మావోయిస్టులతో అట్టుడుకుతోంది. సాలువా జవాన్లు నెలల తరబడి అడవి క్యాంపుల్లో ఉండేవాళ్ళు. జీతం బ్యాంకులో పడేది, తీసి తెచ్చేవాడు క్యాంపులో ఉండేవాడు. ఇంట్లో ఆడవాళ్ళు మా పుస్తకాల మీదే సంసారాలు ఈదారు. 2010 ఫిబ్రవరి 15న శిల్దా క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేశారు. 24 మంది ఈఎఫ్‌ఆర్ జవాన్లు పోయారు. సాలువా లైన్లలో ఆ రాత్రి ఏడుపులు విన్నవాళ్ళెవరూ మరిచిపోలేరు. మర్నాడు నాన్న నాకు ఒకటే చెప్పారు, నెలాఖరుకి ఎవరినీ బాకీ అడక్కు, వచ్చిందే తీసుకో, ఎవరెవరి ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలియదు అని. నేను అడగలేదు. కానీ ఆ నెల రాని డబ్బు ఎంతో ఒక కాగితం మీద వేసుకున్నాను.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. తెల్లారేసరికి ఖరగ్‌పూర్‌లో సగం దుకాణాలు ఈగలు తోలుకుంటున్నాయి. మా కొట్టుకి జనం వచ్చారు. మా దగ్గర నోటు అక్కర్లేదు, పుస్తకం చాలు. డిసెంబరు చివరికి దాదాపు అన్ని ఇళ్ళూ తీర్చేశాయి. ఆ రెండు నెలలూ మమ్మల్ని మోసింది ఆ పుస్తకాలే. అంత కళ్ళ ముందు జరిగినా, ఏడాది తిరక్కుండానే వాటిని నేనే ఎత్తేశాను. దీన్ని మూర్ఖత్వం అనక ఏమనాలో నాకు తెలియదు.

2017లో జీఎస్టీ వచ్చింది. నాన్నకి కళ్ళు సరిగా ఆనడం లేదు, కొట్టు నా చేతికిచ్చారు. నేను కంప్యూటరు పెట్టాను. బిల్లింగు సాఫ్ట్‌వేరులో అన్ని ఇళ్ళ బాకీలు ఎక్కించేసరికి కింద ఒక మొత్తం వచ్చింది. ఎర్రట్ట పుస్తకంలో ఆ మొత్తం ఎప్పుడూ ఒకచోట కనపడేది కాదు, ఇంటింటికీ విడివిడిగా ఉండేది. తెరమీద ఒకే అంకెగా కనిపించేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. ఆ డబ్బు బ్యాంకులో వేస్తే వడ్డీ ఎంత, దాంతో ఇంకో కొట్టు పెడితే ఆదాయమెంత, అన్నీ లెక్క కట్టాను. కూడికలో తప్పు లేదు. ఆ నెలే అందరికీ చెప్పాను, పాత బాకీ మొత్తం వెంటనే కట్టాలి, ఇక మీదట నగదే అని. గోడకి మూడు భాషల్లో కాగితం అంటించాను.

చాలామంది తీర్చారు. తీర్చలేనివాళ్ళతో నేను మాట్లాడిన తీరు ఇక్కడ రాయలేను. ఒక గూర్ఖా ఆవిడ సగం తెచ్చి మిగతాది వచ్చే నెల ఇస్తాను దాజూ అంటే, అందరి ముందూ గొంతు పెంచాను. దాజు అంటే వాళ్ళ భాషలో అన్న. ఆవిడ ఆ సగం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి ఆ మిగతా బాకీలన్నీ రానివి కింద రాసి కంప్యూటరులోంచి తీసేశాను. ఎర్రట్ట పుస్తకాలు పాత కాగితాలవాడికి ఇచ్చేశాను. నాన్న అడిగితే అటక మీద ఉన్నాయన్నాను.

తర్వాత బియ్యం సంగతి. నగదు కొట్టు అయ్యాక ప్రతి బిల్లూ దానికదే లాభం చూపించాలి. నాన్న లెక్క ఇంటి మీద, నా లెక్క బిల్లు మీద. అలా చూస్తే పాత బియ్యం శుద్ధ దండగ. ఏడాది పాటు డబ్బు గోదాంలో ఇరుక్కుంటుంది, బస్తా బరువు తగ్గుతుంది, ఎలకలు, పురుగు. అదే కొత్త బియ్యం అయితే వచ్చినవి వచ్చినట్టు పోతాయి. శ్రీకాకుళం మిల్లు ఆయనతో నాన్నకి ముప్పై ఏళ్ళ లావాదేవీ, కాగితం లేకుండా లారీ పంపేవారు. కిలోకి రెండు రూపాయలు తగ్గుతుందని ఆయన్ని వదిలేశాను. ఒక ఫోను కూడా చేసి చెప్పలేదు.

2018 మాఘమాసంలో పెద్దనాన్న మనవరాలి పెళ్ళి. ఆయన ఎప్పటిలాగే మా కొట్టుకే వచ్చి చీటీ ఇచ్చారు. పాత సాంబమసూరి కావాలన్నారు. బాపట్ల పరిశోధనా కేంద్రం ఇచ్చిన 5204, పెళ్ళి భోజనానికి మనవాళ్ళు అదే అడుగుతారు. అప్పటికి నా దగ్గర ఉన్న పాతవి కొన్ని బస్తాలే. మిగతావి రెండు నెలల కిందట కోసిన కొత్త పంట. మార్కెట్లో ఆ రెండింటికీ కిలోకి ఏడెనిమిది రూపాయల తేడా. నేను గోదాంలో కూర్చుని రెండూ కలిపించాను, పాతవాటి ధర వేశాను. ఇచ్చేముందు ఒకసారి చూసుకోండి పెద్దనాన్నా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆయన నవ్వి, మీ కొట్టు బియ్యం చూసుకోవాలేటిరా అన్నారు.

వంట తెలిసినవాళ్ళకి జరిగింది ఊహించడం కష్టం కాదు. పాత బియ్యం నీళ్ళు బాగా పీల్చుకుంటాయి, అన్నం ఒదుగుతుంది, మెతుకుకి మెతుకు అంటదు. కొత్త బియ్యానికి అదే ఎసరు పోస్తే ముద్ద. కలిసిన బియ్యానికి ఏ ఎసరూ సరిపోదు, సగం ఉడికేసరికి సగం చిదుగుతుంది. వంటమేస్త్రి పాత బియ్యం అన్న భరోసాతో ఎప్పటి ఎసరే పెట్టాడు. మొదటి గుండిగ గంజి ముద్దయింది. రెండోది సర్దుకునేలోగా మొదటి బంతి ఆకుల ముందు కూర్చుంది. మగపెళ్ళివారు విజయనగరం నుంచి వచ్చినవాళ్ళు. కూరలు వడ్డించి అన్నం కోసం ఆగిన ఆ బంతిని నేను చూశాను. నేనూ భోజనానికి వెళ్ళినవాణ్ణే.

మేస్త్రి నాన్నకి చెప్పాడు. నాన్న మర్నాడు పొద్దున్నే డబ్బు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని పెద్దనాన్న ఇంటికి బయల్దేరారు. పందిరి ఇంకా విప్పలేదు. నాన్న బియ్యం డబ్బు మొత్తం బల్ల మీద పెట్టారు. పెద్దనాన్న ముట్టుకోలేదు. అప్పటికే బిల్లు పైసాతో సహా కట్టేశారు. నా వైపు చూడకుండా, “కుర్రోడు చూసుకోనేదేమోలే తమ్ముడూ, గోదాంలో బస్తాలు మారిపోతుంటాయి” అన్నారు.

ఆయన నాకు తలుపు తెరిచారు. నేను ఆ తలుపులోంచి వెళ్ళిపోయాను. “అవును పెద్దనాన్నా, బస్తా మారిపోయింది” అన్నాను.

బియ్యం కలపడం దురాశ. ఆ దురాశకి నేను కారణాలు చెప్పుకోగలను, అందరూ చేసేదే అనుకోగలను. ఈ అబద్ధానికి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరు ముసలివాళ్ళ నలభై నాలుగేళ్ళ నమ్మకం మధ్య కూర్చుని, ఆ నమ్మకాన్నే అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు నాన్న ఒకే మాట అడిగారు. బస్తా మారలేదు కదా అని. నేను జవాబు చెప్పలేదు. ఆ తర్వాత ఆయన కొట్లోకి రావడం మానేశారు. 2021లో పోయేదాకా మళ్ళీ గల్లాపెట్టె దగ్గర కూర్చోలేదు.

పెద్దనాన్న ఇంటి నుంచి చీటీ రావడం ఆగిపోయింది. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదని నాకు నమ్మకంగా తెలుసు. చెప్పనక్కర్లేదు, పెళ్ళిలో తిన్నవాళ్ళందరూ నా కొట్టు మనుషులే. తెలుగు ఇళ్ళు ఒకటొకటిగా తగ్గాయి. పండగలకి, మాతా పూజలకి వచ్చే పెద్ద చీటీలు పోయాయి. ఎవరూ వచ్చి దెబ్బలాడలేదు. దెబ్బలాడి ఉంటే నేను జవాబు చెప్పేవాణ్ణి, ఏదో ఒకటి సర్దుకునేవాణ్ణి. కిరాణా వ్యాపారంలో నమ్మకం పోయిన సంగతి చెప్పేవాళ్ళు ఉండరు, జనం వేరే వీధిలోంచి నడుస్తారు, అంతే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. నా దగ్గర సరుకు ఉంది, జనానికి వేరే దారి లేదు. చింతపండు, కందిపప్పు ధరలు పెంచాను. అందరూ పెంచారు, నిజమే. ఆ మూడు నెలల్లో నాకు వచ్చిన లాభం ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. దారులు తెరుచుకున్న వారం నుంచి కొట్టు ఖాళీ. అప్పుడు చూస్తే గోదాంలో సరుకు పాడైపోతోంది. ఏ ఇంటికి ఏం కావాలో నాకు తెలియదు. డిస్ట్రిబ్యూటరు ఏది అంటగడితే అది దింపుకున్నాను. నాన్న కాలంలో ఏడాదికి ఒక సంచి కూడా పారబోయని కొట్లో నేను నెలనెలా పారబోశాను. ఆ పారబోసిన సరుకు విలువ పక్కన, ఒకప్పుడు తెరమీద చూసి గుండె ఆగిందన్న అరువు మీద పోయే వడ్డీ రాసి చూశాను. రెండోదే తక్కువ.

ఈ సంగతులు చెబితే అరువు ఆపడమే తప్పా అని అడిగే స్నేహితులున్నారు. కాదు. అరువు చాలా ఇళ్ళను ముంచింది, ఖరగ్‌పూర్‌లో వడ్డీవాళ్ళ కింద నలిగిన కుటుంబాలు మా తాతకి తెలుసు. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ ఊళ్ళో 28 మంది, నేతపనివాళ్ళూ ఇతర చేతిపనివాళ్ళూ, తలా ఒక పౌను వేసుకుని ఒక దుకాణం తెరిచారు. వాళ్ళూ అరువు ఇవ్వలేదు, నగదే. కానీ పిండిలో కల్తీ ఉండదు, తూకంలో మోసం ఉండదు, మిగిలిన లాభం కొన్నవాళ్ళకే కొన్న మేరకు పంచుతాం అన్నారు. ప్రపంచమంతా ఉన్న సహకార సంఘాలు ఆ దుకాణం నియమాలనే ఎత్తుకున్నాయి. నేను వాళ్ళ నగదు ఒక్కటీ తీసుకున్నాను. అరువుకి బదులుగా ఇవ్వాల్సింది ఏదీ ఇవ్వలేదు. జనం రాయించుకుంటున్న పద్దుని ముందస్తు మాట లేకుండా చింపేశాను, పైగా బియ్యం కలిపాను.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ సంగతి బయటపడ్డప్పుడు ఆ వార్త నాన్నకి నేనే చదివి వినిపించాను. ప్రతి మూడు నెలలకీ లాభం ఎక్కువ చూపించాలని మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి లేని డబ్బుని ఉన్నట్టు రాసుకుంటూ పోయారని చదువుతూ, ఇంత చదువుకున్నవాళ్ళకి బుద్ధి లేదా అని ఎగతాళి చేశాను. నాన్న ఏమీ అనలేదు. పెద్ద కంపెనీలో జరిగింది నా గోదాంలో జరగదని నేను ఎందుకు అంత ధీమాగా ఉన్నానో!

నాన్న పోయిన మరుసటి ఏడు ఆ గూర్ఖా ఆవిడ వచ్చింది. భర్త రిటైరయ్యాక వాళ్ళు కొండల్లోకి, కర్సియాంగ్ వైపు వెళ్ళిపోయారు, పింఛను కాగితాల పని మీద సాలువా వచ్చారు. సంచీలోంచి చిన్న పుస్తకం తీసి, దాజూ ఇది మిగిలిపోయింది అంటూ డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. నా కంప్యూటరులో ఆవిడ పేరు లేదు. ఎర్రట్ట పుస్తకం పాత కాగితాలవాడి దగ్గర ఎప్పుడో పిండై ఉంటుంది. ఆ బాకీ ఎంతో తెలిసిన పుస్తకం ప్రపంచంలో అదొక్కటే, దాన్ని ఆవిడ అయిదేళ్ళు దాచింది. నేను అందరి ముందూ అన్న మాటలకి క్షమించమని అడిగాను. ఆవిడ ఆ సంగతి గుర్తుందనీ అనలేదు, లేదనీ అనలేదు. మీ నాన్నగారు పోయారని విన్నాం, ఆయన పద్దు ఉండిపోకూడదని వచ్చాం అంది. నా కోసం కాదు.

ఆ ఏడే మళ్ళీ పుస్తకాలు మొదలుపెట్టాను. ఇంటికి ఎంత దాకా అరువో ముందే చెబుతున్నాను, తీర్చాల్సిన తేదీ వాళ్ళనే చెప్పమంటున్నాను. బియ్యం బస్తా మీద మిల్లాడించిన నెల రాస్తున్నాను, కొత్తవి కొత్త ధరకి, పాతవి పాత ధరకి. శ్రీకాకుళం మిల్లు ఆయన కొడుకు ఇప్పుడు డబ్బు ముందే కట్టమంటున్నాడు. కట్టి తెచ్చుకుంటున్నాను. కొత్త జవాన్ల ఇళ్ళు కొన్ని చేరాయి. తెలుగు ఇళ్ళలో ఒకావిడ, మీరు మళ్ళీ ఎప్పుడు ఆపేస్తారు అని ముందే అడిగి మరీ పుస్తకం తీసుకుంది. ఆవిడ అడిగినందుకు నాకు కోపం రాలేదు, అడగాల్సిన మాటే.

పోయిన చలికాలంలో పెద్దనాన్న ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటారు, మంచం మీదే ఉంటున్నారు, మాట మాత్రం స్పష్టం. బస్తా మారలేదు పెద్దనాన్నా, నేనే కలిపాను అని చెప్పాను. “తెల్సురా. మీ నాన్న ఉండగా చెప్పి ఉంటే బాగుండేది” అన్నారు. కాసేపు మా ఊరి వైపు సంగతులు మాట్లాడాం. లేవబోతుంటే, పాత బియ్యం ఇప్పుడెంతకిస్తున్నావని అడిగారు. చెప్పాను. కోడలిని పిలిచి మనం ఎంతకి కొంటున్నామో కనుక్కున్నారు. “గోల్‌బజార్‌లో రెండు రూపాయలు తక్కువకొస్తంది నాయనా, అక్కడే తీసుకుంటన్నాం” అన్నారు.